పడవ లాగే బండి కావలెను

ఆ శనివారం పొద్దున కెల్విన్ పాస్కో వేసుకున్న పథకం చాలా సులువైనది. పదింటికి ఒక బండి చూడాలి. పన్నెండింటికల్లా దాన్ని ఖాయం చేసుకోవాలి. రెండున్నరకి సముద్రం పోటు మీద ఉంటుంది కాబట్టి ఆ వేళకి పడవని రేవుకి లాక్కెళ్లి, బండి సత్తా ఏమిటో తేల్చుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదని అతను టోస్టు మీద వెన్న రాసుకుంటూ తీర్మానించుకున్నాడు.

పాత కారు మొన్ననే ఫిట్‌నెస్ పరీక్షలో తప్పింది. అలా ఇలా తప్పలేదు. మెకానిక్ దాని అడుగున దూరి, బయటికొచ్చి, కెల్విన్ భుజం తట్టి వెళ్లిపోయాడు. న్యూజిలాండ్ తూర్పు తీరంలో వైమాకో లాంటి ఊళ్లో కారు లేకపోతే మనిషికి కాళ్లు లేనట్టే. పెద్ద దుకాణం ముప్ఫై కిలోమీటర్లు, డాక్టరు నలభై. అత్తగారు నోయిలీన్‌కి ఈ రెంటితోనూ వారానికోసారి పని ఉంటుంది.

"నాకు కావలసింది ఒకటే," అంది అతని భార్య గ్లెనిస్, టీ కప్పు బల్ల మీద టక్కున పెట్టి. "ఆ బండిలో మా అమ్మ హాయిగా ప్రయాణం చెయ్యాలి. అదే బండి నీ పడవనీ లాగాలి. రెండూ చేసేది ఏదైనా సరే, నేను నోరెత్తను. కానీ ఇవాళ రాత్రి భోజనాల వేళకి అది ఖాయమైపోవాలి. లేదంటే రేపు నేనే వెళ్లి అమ్మకి సరిపడేది కొనుక్కొస్తా. పడవని డెజ్‌కి ఇచ్చేద్దాం."

"ఏదైనా సరేనా?"

"ఏదైనా సరే."

డెజ్ కీహో పక్కవీధి మనిషి. ఆరేళ్లుగా ఎక్కడ కనిపించినా, పెళ్లిలోనైనా సరే, "పడవ ఇచ్చేస్తావా?" అని అడుగుతూనే ఉన్నాడు. పన్నెండడుగుల అల్యూమినియం పడవ అది. కెల్విన్ తండ్రిది. దాని పేరుకి ముందూ వెనకా ఏ ఘనతా లేదు, అసలు పేరే లేదు. అయినా వేసవిలో వారానికోసారి ఆ పడవలో కూర్చునే నాలుగు గంటలే కెల్విన్‌కి పూర్తిగా సొంతం. ఆ నాలుగు గంటలూ పోతాయనేసరికి అతను టోస్టు పక్కన పెట్టేశాడు.

కెల్విన్‌కి తన మీద నమ్మకం తక్కువేమీ కాదు. పాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లుగా పాల ట్యాంకర్లని తూచే ఉద్యోగం. దేని బరువైనా కంటితో చూసి చెప్పగలనని అతని ధీమా. పడవా ట్రెయిలరూ కలిపి నాలుగు వందల కిలోలు అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఎప్పుడూ తూచింది లేదు. ఊళ్లో అందరి వస్తువులూ తూచేవాడికి సొంత వస్తువు తూచుకునే తీరిక ఎక్కడుంటుంది?

అతనికి తెలియని సంగతి ఒకటుంది. మనకి తెలిస్తే నష్టం లేదు. పోయిన వేసవిలో అతను పడవ అడుగున ఉండే బిరడా పెట్టడం మరిచిపోయి, ఊరందరి ముందూ రేవులో పడవని ముంచాడు. ఆ నవ్వులు చెవుల్లో గింగురుమంటుంటే ఇంటికొచ్చి, బిరడాని సుత్తితో దిగ్గొట్టి, పైన జిగురు కూడా పూశాడు. ఇక జన్మలో మరిచిపోయే పని లేదు. పడవలున్నవాళ్లు ఇంటి దగ్గర బిరడా తీసి ఉంచేది వాననీళ్లు కారిపోవడానికన్న మాట మాత్రం ఆ ఆవేశంలో గుర్తు రాలేదు. మీద కప్పిన టార్పాలిన్‌కి కుట్టు దగ్గర చిరుగు ఉంది. చలికాలం ఐదు నెలలూ వైమాకోలో వాన కురిసింది. ఆ ఐదు నెలల వానా ఇప్పుడు పడవలో భద్రంగా ఉంది. టార్పాలిన్‌కి కెల్విన్ వేసిన ముడులు విప్పాలంటే పూట పడుతుంది కనక లోపలికి ఎవరూ తొంగి చూడలేదు.

మొదటి బండి థర్జా టీచరుగారిది. బళ్లో కెల్విన్‌కి లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పుడు ఊరి హాలు కమిటీకి ఆవిడే పెద్ద. చిన్న నీలం కారు, ముప్ఫై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు.

"తాళంచెవి అందులోనే ఉంది. సాయంత్రం దాకా ఉంచుకో," అంది థర్జా టీచరు. "గేర్లు మెల్లిగా వెయ్యి. చిన్నప్పుడు నువ్వు ముట్టుకున్నదల్లా విరిగేది."

"ఇప్పుడలా కాదు టీచరు గారూ."

నోయిలీన్ వెనక సీట్లో కూర్చుని ఇటూ అటూ కదిలి చూసింది. "కొలతలు తీసుకుని నాకోసం కుట్టించినట్టుంది," అంది. గ్లెనిస్ ముఖం వెలిగిపోయింది. కెల్విన్ కూడా సంతోషంగా ట్రెయిలర్ని కొక్కేనికి తగిలించాడు. కారు వెనకభాగం నేలకి దిగి, ముక్కు ఆకాశానికి లేచింది.

"సర్దుకుంటుందిలే," అన్నాడు.

వాళ్ల ఇంటి నుంచి రోడ్డుకి చేరాలంటే చిన్న మెరక ఎక్కాలి. కారు సగం దాకా మూలుగుతూ వెళ్లింది.

"ఏదో కాలుతున్న వాసన," అంది నోయిలీన్.

"పక్కింటివాళ్లు మాంసం కాలుస్తున్నారేమో అత్తయ్యా."

"పొద్దున్న పదింటికా? పైగా వెనకాల ఏదో గుడగుడమంటోంది అల్లుడూ."

"సముద్రం చప్పుడు అత్తయ్యా."

"సముద్రం ముందు వైపు కదా ఉంది?"

నోయిలీన్‌కి ఎనభై ఒకటి. ఆవిడ చెప్పేది విననట్టు ఉండటం ఆ ఇంట్లో ఎప్పటి నుంచో అలవాటు. ఈలోగా కారు కింద నుంచి తెల్లటి పొగ వచ్చింది. క్లచ్ తన బాధ్యత నుంచి తప్పుకుంది. పడవ, ట్రెయిలర్, కారు, ముగ్గురు మనుషులు మెల్లిగా వెనక్కి దిగి సొంత ఉత్తరాలపెట్టెని నేలమట్టం చేసి ఆగారు.

"చూశావా? దీనికి బలం చాల్దు," అన్నాడు కెల్విన్ నోటుపుస్తకంలో రాసుకుంటూ. గ్లెనిస్ తల్లిని కిందికి దింపింది.

రెండో బండి డెజ్‌ది. పెద్ద పాత జీపు, అమ్ముతానని ఏడాదిగా అంటున్నాడు. దాని మెట్టు నోయిలీన్ నడుము దాకా వచ్చింది. చేపల పెట్టె ఒకటి బోర్లించి, దాని మీద ఆవిణ్ణి నిలబెట్టి, కెల్విన్ కింద నుంచి, గ్లెనిస్ పై నుంచి సాయం పట్టారు.

"నేనేమన్నా బంగాళాదుంపల బస్తానా? నెమ్మదిగా లాగవే!" అని అరిచింది నోయిలీన్.

జీపు మెరక ఎక్కింది. మూలుగుతూనే అయినా ఎక్కింది. కెల్విన్ ప్రాణం లేచివచ్చింది. డెజ్ ఇంటి దగ్గర పల్లం దిగి, గేటు ముందు హుందాగా బ్రేకు వేశాడు. జీపు ఆగింది. ఒక్క క్షణం తరవాత, పడవలో ఉన్న ఐదు నెలల వానా వెనక నుంచి ముందుకి పరిగెత్తుకొచ్చి జీపుని ఒక్క తోపు తోసింది. గేటు తెరుచుకుంది. జీపు డెజ్ చిలగడదుంపల మడి మధ్యలోకి వెళ్లి ఆగింది.

డెజ్ ఇంట్లోంచి కాఫీ కప్పుతో బయటికొచ్చాడు. "ఏరా, ఇందులో ఏం మోస్తున్నావు, ఇటుకలా?"

"నాలుగొందల కిలోలు. పుస్తకంలో ఉంది."

"అయితే నా బండికి బ్రేకులు లేవంటావు."

"నేను అనట్లేదు. లెక్క అంటోంది."

"లెక్క వచ్చి నా దుంపలు మళ్లీ నాటుతుందా?" డెజ్ పడవ చుట్టూ ప్రేమగా ఒక ప్రదక్షిణ చేశాడు. "ఇదంతా ఎందుకురా? పడవ నా దగ్గర వదిలెయ్. గ్లెనిస్ సుఖపడుతుంది, నువ్వూ సుఖపడతావు."

"ఈ పడవలోంచి నీళ్లు కారుతున్నాయి," అంది నోయిలీన్ జీపు కిటికీలోంచి.

"మంచు పడిందిలే అత్తయ్యా," అన్నాడు కెల్విన్. ఆ పూట మంచన్నదే లేదు.

జీపుతోనే పడవని మళ్లీ ఇంటికి చేర్చి, పన్నెండున్నరకి అతను ఊరి దుకాణం ముందు నోటీసుల బోర్డు దగ్గర దిగాలుగా నిలబడ్డాడు. మేకపిల్లలు, గడ్డికోత యంత్రాలు, ఎవరో పారేసుకున్న కట్టుడుపళ్లు. వాటి మధ్య చక్కటి దస్తూరీతో ఒక చీటీ ఉంది. "అమ్మకానికి: పెద్ద వాహనం. బలమైన ఇంజను. మొదటి నుంచి ఒకే యజమాని. ఎన్నడూ వేగంగా నడిపింది లేదు. ఆంబ్రోస్ లిడెల్." దేవుడు తనని పేరు పెట్టి పిలిచినట్టనిపించింది కెల్విన్‌కి. ఆంబ్రోస్ లిడెల్ ఏ వ్యాపారం చేస్తాడన్నది ఆ సంతోషంలో అతనికి తట్టలేదు.

ఆంబ్రోస్ షెడ్డు తలుపులు తెరిచాడు. లోపల ఇరవై అడుగుల పొడవున, అద్దాల గోడలతో, వెండి కడ్డీలతో, నిగనిగలాడుతూ నల్లటి శవవాహనం నిలబడి ఉంది.

"కొత్తది కొన్నాను. ఇది ఇక విశ్రాంతి తీసుకోవచ్చు," అన్నాడు ఆంబ్రోస్, ఎవరినో నిద్రలేపకూడదన్నట్టు మెత్తగా.

కెల్విన్ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. చివరికి, "పడవని లాగుతుందా?" అన్నాడు.

"ఈ కొండల మీద ఇది మొయ్యని బరువు లేదు బాబూ. తాళంచెవులు తీసుకో. సాయంత్రం చెప్పు."

ఇంటి ముందు ఆ బండి ఆగగానే గ్లెనిస్ గుమ్మంలోనే కూలబడింది. "కెల్విన్. అది ఏమిటో నీకు తెలుసా?"

"ఏదైనా సరే అన్నావు."

"అమ్మ ఎక్కడ కూచుంటుంది? ముందు రెండే సీట్లున్నాయి!"

"కూచోవడం దేనికి? హాయిగా పడుకోవచ్చు."

నోయిలీన్ అప్పటికే వెనక తలుపు తెరిచి, లోపలి పరుపుని చేత్తో నొక్కి చూస్తోంది. "నా మంచం కన్నా మెత్తగా ఉందే," అంది. పొద్దుటి నుంచి పెట్టెల మీద నిలబెట్టీ లాగీ ఆవిణ్ణి హింసించారు. దిండు, గళ్ల దుప్పటి తెప్పించుకుని, ఎక్కి పడుకుని, చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని కళ్లు మూసుకుంది. ఆవిడ ఎప్పుడూ అలాగే నిద్రపోతుంది. కెల్విన్ తలుపు మెల్లిగా మూసి, ట్రెయిలర్ తగిలించాడు. రేవులో పడవని ఒక్కసారి తేలించి, మళ్లీ పైకి లాగితే చాలు, పరీక్ష పూర్తి. అంతమాత్రానికి టార్పాలిన్ ముడులు విప్పే పనికూడా లేదు.

సరిగ్గా అప్పుడే థర్జా టీచరు తన కారు సంగతి కనుక్కుందామని గేటు దగ్గరికి వచ్చింది. ఉత్తరాలపెట్టె కూలిపోయి ఉంది. వాకిట్లో శవవాహనం ఉంది. ముందు సీట్లో గ్లెనిస్, ఎవరైనా చూస్తే తల ఎత్తుకోలేనన్న భయంతో, ముఖానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అద్దంలోంచి నోయిలీన్ ప్రశాంతంగా కనిపిస్తోంది. కెల్విన్ టీచర్ని చూసి, కాలిపోయిన క్లచ్ గుర్తొచ్చి, తల వేలాడేశాడు.

"టీచరు గారూ," అన్నాడు బొంగురుగా, "ఇప్పుడు నన్నేమీ అడక్కండి."

"ఏమీ అడగను నాయనా," అంది థర్జా టీచరు. అతని చెయ్యి గట్టిగా నొక్కి గబగబా వెళ్లిపోయింది.

ఒక క్లచ్ విషయంలో ఇంత క్షమ ఉన్న మనిషిని తను ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నందుకు కెల్విన్ చాలా నొచ్చుకున్నాడు.

హాలు కమిటీ పెద్దకి ఊరందరి ఫోన్ నంబర్లూ నోటికి వస్తాయి. పావుగంటలో వైమాకో మొత్తానికి తెలిసిపోయింది. బండి వెనక పడవ ఎందుకన్న సందేహం ఒకరిద్దరికి రాకపోలేదు. భర్త పోయిన సముద్రంలోనే తననీ కలిపేయమని నోయిలీన్ కోరుకుందట అని ఎవరో అన్నారు. ఆ మాట నాలుగో ఇంటికి చేరేసరికి, ఆవిడ స్వయంగా తమతోనే చెప్పిందని ప్రతి ఒక్కరికీ గుర్తొచ్చింది. నిజానికి ఆవిడ భర్త పోయింది గోల్ఫ్ మైదానంలో. అయినా ఆ తొందరలో ఎవరూ తరచి చూడలేదు. ఆడవాళ్లు పొయ్యిలు వెలిగించారు. ఇలాంటప్పుడు వట్టి చేతులతో వెళ్లడం వైమాకోలో లేదు. ప్రతి ఇంటి నుంచి ఒక పళ్లెం కదలాల్సిందే.

పోటు వేళ దాకా ఆగి బయల్దేరిన శవవాహనం మెరకని ఎక్కింది. ఆపసోపాలు లేవు, పొగ లేదు. గంటకి పదిహేను కిలోమీటర్లు. కెల్విన్ ముఖం చాటంత అయింది.

"చూశావా గ్లెనిస్, ఎంత నిబ్బరంగా లాగుతోందో!"

"నాతో మాట్లాడకు."

ఎదురొచ్చే కార్లు పక్కకి తప్పుకుని ఆగుతున్నాయి. దుకాణం ముందు మనుషులు టోపీలు తీశారు. ఊరి పోలీసు కూడా తన కారు ఆపి, దిగి, నిటారుగా నిలబడ్డాడు. పోయిన వేసవిలో ఇదే పడవని చూసి ఈలలు వేసిన జనం! కెల్విన్ ఛాతీ ఉబ్బింది. మనిషికి సరైన బండి ఉంటే ఎంత గౌరవం ఉంటుందో అనుకుని, అందరికీ చిరునవ్వుతో తల ఊపాడు. పాపం, దుఃఖంలో మతి చలించింది అనుకున్నారు వాళ్లు.

కొంతసేపటికి అద్దంలో చూస్తే వెనకాల ముప్ఫై కార్లు.

"అయ్యో, నా మూలంగా ఎంతమంది ఆగిపోయారో!" అన్నాడు. బరువు లాగేవాడు వెనకవాళ్లకి దారివ్వడం ఆ దేశంలో కనీస మర్యాద. మర్యాదలో కెల్విన్‌ని వంక పెట్టడానికి లేదు. ఎడమ పక్కకి తీసి ఆపి, వెళ్లండన్నట్టు చెయ్యి ఊపాడు. వెనకున్న ముప్ఫై కార్లూ కూడా ఎడమ పక్కకి తీసి ఆగాయి. ఒక్కటీ కదల్లేదు.

ఒక నిమిషం చూసి అతను బయల్దేరాడు. ముప్ఫై కార్లూ బయల్దేరాయి. వంతెన దగ్గర మళ్లీ ఆపాడు. మళ్లీ ఆగాయి. చర్చి మలుపులో ఇంకోసారి.

"దారిస్తుంటే వెళ్లరేం వీళ్లు?" అన్నాడు చిరాగ్గా.

"నేను కారు దిగి ఇంటికి నడిచిపోతా," అంది గ్లెనిస్ చేతిరుమాలు వెనక నుంచి.

రేవు దగ్గర సగం ఊరు అప్పటికే చేరి ఉంది. బల్లల మీద సాండ్‌విచ్చులు, సాసేజ్ రోల్స్, మీగడ పరిచిన పావ్లోవా కేకులు మూడు. వాటిని చూసి కెల్విన్‌కి చెమట పట్టింది. పడవ దింపడంలో తన ప్రతాపం చూడటానికి జనం ఫలహారాలు కూడా తెచ్చుకున్నారన్నమాట. పళ్లు బిగించి, ట్రెయిలర్ని వెనక్కి నడిపాడు. జీవితంలో మొట్టమొదటిసారి అది వంకర పోకుండా, గీత గీసినట్టు నీళ్లలోకి దిగింది. కెల్విన్ దిగి, నడుంలోతు నీళ్లలోకి నడిచి, పట్టీ విప్పాడు.

పడవ జారింది. జారిందేగాని తేలలేదు. ఒక్క అల దాని అంచు దాటింది. పడవ ఏ తొందరా లేకుండా, బుడగలు వదులుతూ, కెల్విన్ కళ్లెదుటే అడుక్కి కూర్చుంది. టార్పాలిన్ మీద ఒక కొంగ వాలే చోటు మాత్రం పైన మిగిలింది.

ఒడ్డున ఒక్క నవ్వు వినపడలేదు. అందరూ టోపీలు చేతుల్లో పట్టుకుని తలలు వంచారు. ఎవరో భక్తిపాట ఎత్తుకున్నారు.

"ఆవిడ ఇప్పుడు పడవలో ఉన్నట్టా, బండిలో ఉన్నట్టా?" అని ఎవరో గుసగుసలాడారు.

"అది ఆ కుటుంబం ఇష్టం," అంది థర్జా టీచరు కళ్లు ఒత్తుకుంటూ. పక్కనే ఆంబ్రోస్ లిడెల్ నల్లకోటులో నిలబడి, తనకి చెప్పకుండానే అంత్యక్రియలు కానిచ్చేసినందుకు లోలోపల నొచ్చుకుంటున్నాడు.

డెజ్ ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "నోయిలీన్ ఇక లేదంటే నమ్మలేకపోతున్నాను. పొద్దున నా జీపులో కూచుని మాట్లాడింది..."

నీళ్లలో ఉన్న కెల్విన్‌కి ఆ మాట చెవిన పడింది. ఒక్క క్షణం అర్థం కాలేదు. అత్తయ్య పోయిందా? ఎప్పుడు? రెండు కిలోమీటర్లు వెనకాల పెట్టుకుని వచ్చి తను చూసుకోలేదా? ఊరందరికీ తెలిసిన సంగతి తనకే తెలియదా? పొద్దుటి నుంచి ఆవిడ ఏం చెప్పినా కొట్టిపారేశాడు. ఇరవై ఏడేళ్లుగా తన టీలో రెండో చెంచా పంచదార గ్లెనిస్ చూడకుండా వేసింది ఆవిడే. కెల్విన్ నడుంలోతు నీళ్లలో నిలబడి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"అయ్యో అత్తయ్యా! నా మాట మీద నమ్మకంతో ఎక్కి పడుకున్నావే! నా పడవ పిచ్చే నిన్ను చంపింది!"

బండిలో గ్లెనిస్ అదిరిపడి వెనక్కి తిరిగింది. తల్లి ఒక కన్ను తెరిచి, మాట్లాడొద్దని పెదవుల మీద వేలు పెట్టి, మళ్లీ కన్ను మూసుకుంది.

కెల్విన్ ఏడుపు చూసి డెజ్‌కి కూడా దుఃఖం పొంగింది. "ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తొమ్మిదేళ్ల కింద ఈస్టర్ చేపల పోటీలో కప్పు నాకొచ్చింది. నోయిలీన్ చేప నా చేప కన్నా రెండొందల గ్రాములు తక్కువ తూగింది. అయ్యా, నా చేప గొంతులోకి అరకిలో సీసపు గుండ్లు దూర్చాను! తూకం వేసిన కెల్విన్ కూడా పట్టుకోలేకపోయాడు. నిజమైన గెలుపు ఆవిడదే!"

దబదబమని అద్దం మోగింది.

పాట ఆగిపోయింది. శవవాహనంలో నోయిలీన్ లేచి కూర్చుని, రెండు పిడికిళ్లతో అద్దం బాదుతోంది. మూడు పావ్లోవాల్లో ఒకటి అక్కడికక్కడే నేలపాలైంది. పోలీసు రెండడుగులు వెనక్కి వేశాడు. కెల్విన్ ఒక్కడే నీళ్లు చిమ్ముకుంటూ పరిగెత్తుకెళ్లి తలుపు తీశాడు.

"అత్తయ్యా! బతికే ఉన్నావా!"

"బతక్కపోతే వీడి బండారం ఎవరు వింటారు?" నోయిలీన్ కాళ్లు కిందికి జార్చి దిగింది. "చర్చి మలుపు దగ్గరే మెలకువ వచ్చింది. అందరూ ఇంత మంచి మాటలంటుంటే మధ్యలో లేవడం మర్యాద కాదని ఊరుకున్నా. ఒరేయ్ డెజ్, కప్పు పట్రా. దాంతోపాటు నీ ట్రాక్టరు కూడా."

డెజ్ గబగబా వెళ్లాడు. అతని ట్రాక్టరు పడవని ఒడ్డుకి ఈడ్చింది. గ్లెనిస్ సాండ్‌విచ్చుల కత్తితో టార్పాలిన్ ముడులన్నీ ఒక్క నిమిషంలో కోసేసింది. అంచుల దాకా నీళ్లు. పైన దేవదారు ఆకులు, పాచి, నాలుగు నెలల కిందటి వార్తాపత్రిక.

"పొద్దుటి నుంచి గుడగుడమంటోందని చెబుతూనే ఉన్నా," అంది నోయిలీన్ ఒక సాసేజ్ రోల్ అందుకుని.

జిగురు పూసిన బిరడాని అందరూ వంగి వంగి చూశారు. డెజ్ సుత్తితో దాన్ని ఊడగొడితే పది నిమిషాలు ధార కట్టింది. ఆ తరవాత ఇద్దరు మనుషులు పట్టుకుంటే పడవ గాల్లోకి లేచింది.

"నాలుగొందలే," అన్నాడు కెల్విన్. "ట్రెయిలర్‌తో కలిపి. నేను రాసింది తప్పు కాదు."

"అంటే నా కారు దీన్ని సులువుగా లాగేదన్నమాట," అంది థర్జా టీచరు.

"అవును టీచరు గారూ."

"నీకు లెక్కల్లో సున్నా వేశానని మీ అమ్మ అప్పట్లో నాతో పోట్లాడింది."

గ్లెనిస్ గడియారం చూసింది. అప్పటికే ఐదున్నర. "సరే, తేలిపోయింది. క్లచ్ మేం వేయిస్తాం టీచరు గారూ. ఆ కారే తీసుకుంటాం."

"ఇంకా అమ్ముతానని ఎవరన్నారు? ఆ మనిషి చేతికి నా కారు ఈ జన్మలో ఇవ్వను."

గ్లెనిస్ కెల్విన్ వైపు చూసింది, తరవాత డెజ్ వైపు చూసింది. అంత అవమానం జరిగినా డెజ్ కళ్లలో ఆశ మెరిసింది. కెల్విన్ తడిసిన ప్యాంటుతో పడవ పక్కన నిలబడి, దాని అంచు మీద చెయ్యి వేశాడు. వాదించడానికి అతని దగ్గర ఒక్క అంకె కూడా మిగల్లేదు.

"మరి అలాంటప్పుడు," డెజ్ మొదలుపెట్టాడు, "ఆ పడవ..."

"నువ్వు నోర్ముయ్," అంది నోయిలీన్. "మేం ఈ నల్లబండే తీసుకుంటున్నాం."

"అమ్మా!"

"ఏమిటే అమ్మా? ఇందులో నేను హాయిగా పడుకున్నానా లేదా? ఐదు నెలల వానతో సహా పడవని ఇది లాగిందా లేదా? రెండూ చేసేది ఏదైనా సరే అన్నది నువ్వే."

"నేను దీంట్లో సూపర్ మార్కెట్‌కి వెళ్లాలా?"

"వెళ్లు. పార్కింగ్ దొరక్కపోతే నన్నడుగు. ఎనభై ఒక్కేళ్లలో నాకెవడూ రోడ్డు మీద దారివ్వలేదు. ఇవాళ పోలీసు దిగి నిలబడ్డాడు." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "పైగా వీడికి నేనంటే గిట్టదని ఇరవై ఏడేళ్లుగా అనుకుంటున్నా. నడుంలోతు నీళ్లలో నిలబడి నా కోసం ఏడ్చిన వాడి పడవని ఊరివాళ్ల పాలు కానిస్తానా?"

కెల్విన్ ముక్కు తుడుచుకున్నాడు. గ్లెనిస్ అమ్మని చూసింది, అతన్ని చూసింది, ఇరవై అడుగుల నల్లబండిని చూసింది. తను ఇచ్చిన మాట తనకే అడ్డం తిరిగిందని అర్థమై, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుంది.

ఆంబ్రోస్ లిడెల్ మెత్తటి అడుగులతో దగ్గరికి వచ్చాడు. "అయితే ఖాయమేనా అమ్మా?"

"ఖాయమే. ఒక్కటి మాత్రం బాగు చేయించాలి," అంది నోయిలీన్. "వెనక తలుపుకి లోపలి వైపు గడియ లేదు."

ఆంబ్రోస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పెట్టిస్తానమ్మా. నలభై ఏళ్ల వ్యాపారంలో ఇది నాకొచ్చిన మొదటి ఫిర్యాదు."